ఇంటి పొలమునకు చిన్న ట్రాక్టరు: ఎన్నుకొను విధము

(మన పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



పాఠశాల వార్షికోత్సవమున విద్యను గూర్చియో, మాతృభాషను గూర్చియో మాటలాడుట వాడుక. ఈ వేదిక మీద నిలిచి ట్రాక్టరును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన సంఘ కార్యదర్శిగారు నన్ను పిలిచినపుడు, “ఈ ఏడు తలిదండ్రులు నన్ను ఎక్కువగా అడుగుచున్నది ఈ విషయమే, మీరు నాలుగు మాటలు చెప్పవలెను” అనిరి. హోసూరు, బాగలూరు, డెంకణికోట, తళి ప్రాంతముల నుండి ఈ బడికి పిల్లలను పంపు మనలో పెక్కుమందికి రెండెకరములో నాలుగెకరములో చేను, కొంత మామిడి తోట, ఒక బావియో బోరో, రెండు ఆవులు ఉన్నవి. కాడెద్దులు మాత్రము మన ఇండ్లలో అరుదైపోయినవి. ఎద్దులు పోయిన కొట్టములో ఏమి నిలుపవలెనను ప్రశ్న ఇంటింట పుట్టుచున్నది. ఆ ప్రశ్నకు తొందరపడి చెప్పుకొన్న సమాధానము ఆరేడేండ్ల అప్పుగా మారి కూర్చుండును. ఆ అప్పు పిల్లల చదువునకై దాచిన సొమ్ములోనుండియే తీర్చవలసివచ్చును. కావున ఈ విషయము బడికి సంబంధము లేనిది కాదని నా మనవి.

మొదట నా తప్పును చెప్పుకొందును. నాకు మూడున్నర ఎకరముల భూమి. అందు ఎకరమున్నర మామిడి తోట. మిగిలినది రాగి, టమాట, పశువుల మేత. ఎద్దులను అమ్మిన సంవత్సరమున నేను 45 గుర్రపు శక్తుల ట్రాక్టరును అప్పుపై కొంటిని. ఎందుకు కొంటిని? వేసవిలో లోతు దుక్కి దున్నుటకు అంత బలము కావలెనని అంగడివారు చెప్పిరి. ఊరిలో మరియొకరి ఇంట అట్టిదే నిలిచియున్నది. ఈ రెండే కారణములు. తెచ్చిన పిదప తెలిసినదేమనగా, ఆ లోతు దుక్కి నా పొలములో సంవత్సరమునకు ఒక్క దినము పని. మిగిలిన దినములలో ఆ బండి మామిడి కొమ్మల క్రిందికి దూరదు. టమాట సాళ్ల నడుమకు రాదు. చిన్న మడిలో తిరుగుటకు చోటు చాలదు. తోటలో కలుపు తీయించుటకు నేను మరల పొరుగువారి ఎద్దులనే బాడుగకు పిలిచితిని. మా అమ్మ అది చూచి, “నాయనా, కొట్టములో ఉన్నదానికి వడ్డీ, పొలములో ఉన్నదానికి కూలి, రెండును మనమే ఇచ్చుచున్నామే” అన్నది. ఆ ఒక్క మాటలో నా లెక్కంతయు తేలిపోయినది. నాలుగేండ్లకు దానిని నష్టమునకు అమ్మితిని. ఆ నాలుగేండ్లును పెద్దవాని కాలేజీ రుసుము ప్రతిసారియు గడువు దాటిన పిదపనే కట్టితిని. వాడు ఏమియు అనలేదు. నాకు మాత్రము మరపునకు రాలేదు.

ఆ అనుభవమునుండి నేను నేర్చినది ఒక్కటే సూత్రము. నిత్యము వచ్చు పనికి కొనవలెను. ఏడాదికొకమారు వచ్చు పనికి బాడుగకు తెచ్చుకొనవలెను. ఈ దినము నేను చెప్పబోవునదంతయు ఈ సూత్రమునకు వివరణమే.

కీలెరిగి వాత పెట్టవలెనని పెద్దలు చెప్పిరి. ట్రాక్టరు విషయమున కీలు ఎచ్చట నున్నది? అంగడిలో లేదు; మన పొలములో నున్నది. అంగడికి పోవుటకు ముందు ఒక కాగితము తీసికొని సంవత్సరములో మన పొలమునకు వచ్చు పనులన్నియు నెలవారీగా వ్రాయవలెను. దున్నుట, చదును చేయుట, బోదెలు వేయుట, సాళ్ల నడుమ కలుపు తీయుట, చెట్లకు మందు కొట్టుట, తోటలో గడ్డి కోయుట, పేడ ఎరువు తోలుట, మేత తెచ్చుట, పంటను సంతకు చేర్చుట. ఒక్కొక్క పనికి ఎన్ని ఎకరములు, ఎన్ని మారులు, ఎన్ని గంటలు అని ప్రక్కనే వ్రాయవలెను. ఆ పిదప ఏ పనికి ఏ పనిముట్టు అని ఆలోచింపవలెను. ఆ పనిముట్లను లాగుటకును త్రిప్పుటకును ఎత్తుటకును చాలిన ట్రాక్టరు ఏది అనునది చిట్టచివర వచ్చు ప్రశ్న. మనలో పెక్కుమంది ఈ వరుసను తలక్రిందుగా నడుపుచున్నారు. ముందు ట్రాక్టరు వచ్చును. తరువాత దానికి పనిముట్లు. ఆ తరువాత వానికి పని వెదకుట.

ఇక పనిముట్లను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది రొటవేటరు. ఇది ఇంజను శక్తితో తిరుగు కత్తులచే మన్నును కోసి పొడిచేయును. సుమారు మూడడుగుల వెడల్పుగల రొటవేటరునకు 15 నుండి 18 గుర్రపు శక్తుల ట్రాక్టరు, నాలుగడుగులదానికి 24 గుర్రపు శక్తులకు తగ్గని ట్రాక్టరు కావలెను. రొటవేటరు వెడల్పు ట్రాక్టరు వెనుక చక్రముల వెలుపలి అంచులను కప్పునట్లుండుట మేలు. లేనియెడల చక్రము తొక్కిన జాడ దున్నబడక గట్టిగా నిలిచిపోవును. ఒక హెచ్చరికయు చెప్పవలెను. రొటవేటరు నాలుగైదు అంగుళముల లోతు మాత్రమే పనిచేయును. ప్రతి పంటకును దానినే రెండు మూడు మారులు త్రిప్పినచో పైమన్ను పిండియై, అడుగున గట్టిపొర ఏర్పడును. మన ఎర్రనేలలలో అట్టి పిండిమన్నుపై వాన కురిసి ఎండ కాసినచో పై పొర పెచ్చుకట్టి మొలకను పైకి రానీయదు. కావున రొటవేటరు ఉన్నది గదా యని దానినే నమ్ముకొనరాదు.

రెండవది గొర్రు, అనగా కల్టివేటరు. చిన్న ట్రాక్టరునకు అయిదు కొఱ్ఱుల గొర్రు చాలును. రాళ్లు గల చేలకు స్ప్రింగులు గలదానిని తీసికొనవలెను. కొఱ్ఱు రాతికి తగిలినపుడు స్ప్రింగు వెనుకకు వంగి, రాయి దాటగానే మరల తన చోటికి వచ్చును; ఇనుము విరుగదు. ధరలో తక్కువ, మరమ్మతులో తక్కువ, నేలకు మేలు. ఒక్క పనిముట్టే కొనగలిగినవారు మొదట దీనినే కొనవలెనని నా సలహా.

టమాట, బంగాళాదుంప, మిరప వేయువారికి బోదెలు తోలు పనిముట్టు అక్కరకు వచ్చును. చదును చేయుటకు వెనుక తగిలించు బ్లేడు చాలును. తోట గలవారికి గడ్డిని నరికి అక్కడనే పరచు స్లాషరు మంచి పనిముట్టు. ఆ గడ్డియే చెట్లపాదులకు కప్పుగా పనికివచ్చును. కాని అది రాళ్లను దూరముగా విసరును. పనిచేయునపుడు దరిదాపుల ఎవరును ఉండరాదు. మొక్కలకు గుంతలు త్రవ్వు బర్మా యంత్రమును కొనవలసిన పనిలేదు. తోట వేయుట జీవితములో ఒకటి రెండు మారులు జరుగు పని, బాడుగకు తెచ్చుకొనవచ్చును. ముందు తగిలించు లోడరు చూచుటకు ముచ్చటగా నుండును. కాని దాని బరువంతయు ముందు ఇరుసుపై పడును. వెనుక సరితూకము లేనిచో బండి తూలును. పదిమంది కూలీలు ఒక దినములో ముగించు పేడకుప్ప కొరకు దానిని కొనుట నాకు సమంజసముగా తోపదు.

ట్రెయిలరు విషయమున జాగ్రత్త వలెను. చిన్న ట్రాక్టరు తేలికయైనది. బరువెక్కిన ట్రెయిలరును అది సమనేలపై లాగగలదు. కాని దిగుడు బాటలో ట్రెయిలరే ట్రాక్టరును త్రోయును. డెంకణికోట, తళి వైపు ఎత్తుపల్లముల దారులు గలవారు ట్రాక్టరు లాగగల బరువును గాక, ఆపగల బరువును లెక్కింపవలెను.

ఈ పనిముట్లన్నియు ట్రాక్టరు వెనుక మూడు చోట్ల తగులుకొనును. క్రింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ. ఈ ఏర్పాటు హ్యారీ ఫెర్గూసన్ అను ఐర్లండు దేశీయుని బుద్ధికుశలత. అంతకుముందు నాగలిని బండివలె వెనుక కట్టి లాగెడివారు. నాగలి బండరాతికి తగిలినపుడు ట్రాక్టరు ముందుభాగము పైకి లేచి తోలువానిపై తిరగబడుట జరిగెడిది. మూడు చోట్ల తగిలించిన నాగలి భారమును చక్రములపైకి చేర్చును. పై కడ్డీ బండిని వెనుకకు తిరగబడనీయదు. 1939లో ఫోర్డు కంపెనీ ఈ పద్ధతితో ట్రాక్టరును చేసి విడుదల చేసినది. నేడు చిన్నదైనను పెద్దదైనను దాదాపు ప్రతి ట్రాక్టరునకును ఈ మూడు తగులములు ఉన్నవి. ఇందు మనము గమనింపవలసినది కొలత. మనలో వాడుకనున్న పెక్కు చిన్న ట్రాక్టర్లకు క్రింది చేతుల పిన్ను 22 మిల్లీమీటర్ల లావు. మిక్కిలి చిన్న ట్రాక్టర్లకు అంతకంటె సన్నము, చేతుల నడిమి దూరమును ఇరుకు. పొరుగువారి పనిముట్టు మన బండికి తగులునో తగులదో కొనుటకు ముందే కొలిచి చూచుకొనవలెను. తగిలినంత మాత్రమున చాలదు, ఎత్తగలుగవలెను గూడ. ఎత్తు శక్తిని క్రింది చేతుల కొనలయొద్ద కొలిచి చెప్పుదురు. పనిముట్టు భారము ఆ కొనలకు ఇంకను వెనుకకు జరిగిన కొలది ఎత్తు శక్తి తగ్గును. వెనుక బరువు ఎత్తినపుడు ముందు చక్రములు తేలిపోవును. మొత్తము బరువులో అయిదవ వంతైనను ముందు చక్రములపై నిలిచినగాని బండి చెప్పిన మాట వినదు. అందులకే ముందుభాగమున ఇనుప దిమ్మలు తగిలింతురు. ఆ దిమ్మలు ధరలో చేరియున్నవా లేదా యని అడుగవలెను.

ఇక ట్రాక్టరు. గుర్రపు శక్తి యను మాట విని మోసపోరాదు. కాగితముపై నున్నది ఇంజను శక్తి. పనిముట్టును త్రిప్పునది వెనుకనున్న పి.టి.ఓ. ఇరుసు, అచ్చటికి చేరునప్పటికి శక్తి కొంత తరుగును. 24 గుర్రపు శక్తుల ఇంజను నుండి ఆ ఇరుసునకు ఇరువది మాత్రమే చేరవచ్చును. రొటవేటరునకు కావలసినది ఆ ఇరువదియే. కావున “ఇంజను ఎంత?” అని గాక, “పి.టి.ఓ. యొద్ద ఎంత?” అని ప్రశ్నింపవలెను. ఆ జవాబు నోటిమాటగా గాక కాగితముపై దొరకును. మధ్యప్రదేశములోని బుద్ని యందు కేంద్ర ప్రభుత్వమువారి వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ట్రాక్టర్లను పరీక్షించి, పి.టి.ఓ. శక్తి, లాగు శక్తి, ఎత్తు శక్తి, గంటకు తాగు డీజిలు మున్నగువానిని నివేదికలో ప్రకటింతురు. మీరు కోరిన నమూనాకు అట్టి నివేదిక ఉన్నదా యని అడిగి, ఉన్నచో చదివించుకొనుడు. అది ఇంగ్లీషులో నుండును. మన బడిలో పైతరగతి చదువు బిడ్డ ఇంట నుండగా అది మనకు అడ్డము కారాదు.

పొలమును బట్టి చూడవలసినవి మరికొన్ని కలవు. వెడల్పు మొదటిది. పాత మామిడి తోటలలో చెట్టునకు చెట్టునకు 10 మీటర్ల దూరము. ఇపుడు వేయు ఒత్తు తోటలలో 5 మీటర్లును అంతకు తక్కువయు ఉండును. కొమ్మల వ్యాపము తీసివేయగా మిగులు త్రోవను కొలిచి, బండి వెడల్పును, రెండు ప్రక్కల మూరెడు చోటును దానిలో పట్టించి చూడవలెను. ఎత్తు రెండవది. పొగగొట్టము పైకి నిలిచియున్న బండి కొమ్మలను విరుచుకొనుచు పోవును. తోట గలవారు ప్రక్కకో క్రిందికో త్రిప్పిన గొట్టము గలదానిని చూచుకొనవలెను. మూడవది నాలుగు చక్రములకును శక్తి గల ఏర్పాటు. తడినేలకును, వాలు చేలకును ఇది మిక్కిలి ఉపయోగము. చక్రము అచ్చటనే తిరుగుచు జారుట తగ్గును. ధర ఎక్కువ. రోడ్డుపై దానిని విడిచి నడుపవలెను. లేనిచో ముందు టైర్లు త్వరగా అరగిపోవును. మెట్టచేను మాత్రమే గలవారు అది లేకయే పని గడుపుకొనవచ్చును.

మిక్కిలి చిన్న కమతము, అందును వరి మడి గలవారు పవర్ టిల్లరును గూడ ఆలోచింపవచ్చును. ధర తక్కువ, మూలమూలలకు పోవును. కాని దాని వెనుక నడువవలెను. సాయంకాలమునకు చేతులు దిమ్మెక్కును. ఏబది దాటినవారు ఈ సంగతి మరువరాదు.

ఏ కంపెనీ మంచిదని నన్ను పలువురు అడుగుదురు. మన దేశములో 1959లో ఫరీదాబాదునందు ఐషర్ వారు మొదటి ట్రాక్టరును తయారుచేసిరి. నేడు 30 గుర్రపు శక్తులకు లోపలి బండ్లను మహీంద్ర, స్వరాజ్, కుబోటా, సోనాలికా మున్నగు పలువురు అమ్ముచున్నారు, వి.ఎస్.టి. వారి ట్రాక్టరు కర్మాగారము మన హోసూరునందే కలదు. పేరును బట్టి నేను తీర్పు చెప్పను. నేను చూచునవి మూడు. విడిభాగములు ఒక్క పూటలో పోయి తెచ్చుకొనగల దూరములో దొరకునా? మెకానిక్కు పొలమునకు వచ్చునా? మన మడిలో, మన మన్నుపై, మన కన్నుల యెదుట ఒక గంట నడిపి చూపుదురా? షోరూము ముందు సిమెంటు నేలపై ఏ బండియైనను బాగుగనే తిరుగును.

ఇపుడు డబ్బు లెక్కకు వత్తము. ఇందు నేను చెప్పు అంకెలు లెక్క నేర్చుకొనుటకే గాని బజారు ధరలు కావు. మీ ఊరి ధరలను మీరు వేసికొనవలెను.

నాలుగడుగుల రొటవేటరు గంటకు 3 కిలోమీటర్ల వేగమున నడిచినచో, తిరుగుటకు ఆగుటకు పోయిన కాలమును తీసివేయగా, గంటకు సుమారు ముప్పాతిక ఎకరమునకు కొంచెము తక్కువ సాగును. అనగా ఎకరమునకు గంటన్నర. మూడెకరములను, సంవత్సరమున మూడు పంటలకు, పంటకు రెండు మారులు దున్నినను 27 గంటలే. తోటపని, మందు కొట్టుట, తోలకము కలిపి మరియొక 40 గంటలు వేయుడు. మొత్తము 67 గంటలు.

ట్రాక్టరు, పనిముట్లు కలిపి 5 లక్షలనుకొందము. పదేండ్లకు లక్షకు అమ్ముడుపోవుననుకొందము. ఏటికి తరుగు 40,000. పెట్టుబడి సగటున 3 లక్షలు. నూటికి 10 వంతున వడ్డీ 30,000. బీమా, మరమ్మతు, కొట్టము కలిపి 15,000. ఇంజను ఒక్క గంటయైనను తిరుగకున్నను మన చేతినుండి ఏటికి 85,000 పోవును. బాడుగ గంటకు 1,000 అనుకొని, సొంత బండి నడుపుటకు డీజిలు, నూనె గంటకు 300 అనుకొన్నచో, సొంత బండి వలన గంటకు మిగులునది 700. 85,000ను 700చే భాగించుడు. 121 గంటలు దాటిన పిదపనే సొంత బండి లాభము. మన మూడెకరముల రైతు 67 గంటల వద్ద నిలిచినాడు. అనగా ఆతడు తన పొలము నొక్కదానినే నమ్మి కొనరాదు. అన్నదమ్ములు ఇరువురు కలిసి కొనినచో గంటలు సరిపోవును. పొరుగువారికి బాడుగకు తోలినను సరిపోవును. కాని తోలువాడెవడు, బాకీ వసూలు చేయువాడెవడు అని ముందే తేల్చుకొనవలెను. కలిసి కొనువారు విత్తు పదునున ఎవరి చేను ముందు అనునది కాగితముపై వ్రాసికొనవలెను. అట్లు వ్రాసికొన్నచోట పొత్తు నిలుచును.

కాలమునకు బండి దొరకదని కొందరు కొనుచున్నారు. ఆ భయములో నిజము లేకపోలేదు. పదును దాటిన దుక్కి ఎవరికిని అక్కరకు రాదు. ఆ నష్టమునకు గూడ ఒక అంకె వేసి లెక్కలో చేర్పవచ్చును. అయితే ముందు ఉన్న వసతిని చూచుకొనుడు. తమిళనాడు వ్యవసాయ ఇంజనీరింగు శాఖవారు రైతులకు యంత్రములను బాడుగకు ఇత్తురు; ఇ-వాడగై యను ఏర్పాటు ద్వారా సెల్‌ఫోనునుండియే నమోదు చేసికొనవచ్చును. సరిహద్దునకు ఆవల కర్ణాటకమునందు చేను గలవారికి కృషి యంత్రధార కేంద్రములు ఉన్నవి. కొనదలచినవారు వ్యవసాయ యాంత్రీకరణ పథకము క్రింద సహాయధనము వచ్చునో రాదో శాఖ కార్యాలయమున ముందుగా విచారింపవలెను. బండి ఇంటికి వచ్చిన పిదప విచారించుట వ్యర్థము. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై వస్తుసేవల పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. అది సంతోషమే. కాని పన్ను తగ్గినంత మాత్రమున మన పొలములో గంటలు పెరుగవు.

అప్పు కాగితములను గూర్చి ఒక మాట. మన ఇండ్లలో తెలుగు మాటలాడుదుము. కాగితములు తమిళములోనో ఇంగ్లీషులోనో వచ్చును. అర్థము కాకున్నను సంతకము చేయు అలవాటు మనలో నున్నది. వడ్డీ ఎంత, కంతు ఎంత, ఎన్ని కంతులు, కంతు తప్పిన దండుగ ఎంత, ముందుగా తీర్చినచో ఏమి పట్టుదురు: ఈ అయిదింటిని చదివించుకొని, తెలుగులో మన చేతితో వ్రాసికొనిన పిదపనే సంతకము చేయవలెను. మనము పంటకు ఒకమారు డబ్బు చూచువారము. కంతులు నెలనెలకు గాక పంట చేతికి వచ్చు కాలమునకు అమరునట్లు అడుగవలెను.

చివరకు, నేను ఈ సభకు వచ్చుటకు అసలు కారణమైన మాటను చెప్పుదును.

ట్రాక్టరుపై నున్నది ఒక్క ఆసనము. అది తోలువానిది. మన ఊళ్లలో మడ్‌గార్డుపై పిల్లవానిని కూర్చుండబెట్టుకొని పొలమునకు పోవుట ముచ్చటగా చెల్లుచున్నది. నేనును అట్లే చేసితిని. ఒకనాటి సాయంకాలము గట్టు దాటుచుండగా చక్రము గుంటలో పడినది. ఏడేండ్ల నా చిన్నవాడు జారి క్రిందపడెను. వెనుక గొర్రు తగిలించియుండెను. వాడు గొర్రు వైపునకు గాక గట్టు వైపునకు పడెను. బ్రదికెను. అందులో నా నేర్పు ఏమియు లేదు. ఆనాటినుండి ఎవరి బిడ్డయైనను మడ్‌గార్డుపై కనబడినచో, వారు నాకు తెలియనివారైనను, ఆపి చెప్పకుండ నేను పోలేను.

పి.టి.ఓ. ఇరుసు నిమిషమునకు 540 చుట్లు తిరుగును. అనగా సెకండునకు 9 చుట్లు. పైటకొంగు గాని, పంచె చెరగు గాని దానికి తగిలినచో, మనము “అయ్యో” అనులోపల తొమ్మిది చుట్లు చుట్టుకొనును. చేతితో లాగికొనుటకు వ్యవధి యుండదు. ఆ ఇరుసుపై కప్పు లేని పనిముట్టును కొనరాదు. కప్పు విరిగినచో మరల వేయువరకు పని ఆపవలెను. రొటవేటరులో గడ్డి చుట్టుకొన్నచో ఇంజను ఆపి, తాళపుచెవి జేబులో వేసికొని, ఆ పిదపనే చేయి పెట్టవలెను. వాలు చేలలో పనిచేయువారు తిరగబడినపుడు కాపాడు ఇనుప చట్రము గల బండిని ఎన్నుకొని, చట్రము ఉన్నప్పుడు తప్పక బెల్టు కట్టుకొనవలెను. రోడ్డు ఎక్కునపుడు రెండు బ్రేకు పెడళ్లను జతచేయవలెను. ఒక్క బ్రేకే పట్టినచో బండి గిరుక్కున తిరుగును. మన పొలములలో పిట్టగోడ లేని పాత బావులు పెక్కు కలవు. వాన తడిసిన బావిగట్టు ట్రాక్టరు బరువునకు నిలువదు. బావి చుట్టును రాళ్లు పాతి, ఆ గీత దాటి దున్నరాదని ఇంటివారందరు నియమము చేసికొనవలెను. బావి ప్రక్క రెండు సాళ్లు బీడుపడినంతమాత్రమున ఎవరును దరిద్రులు కారు.

బండిని నడుపు యువకులకు శిక్షణ అవసరము. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. యంత్రములను నడుపుటయు కాపాడుటయు అచ్చట నేర్పుదురు. అది మనకు మిక్కిలి దూరము కాదు. బండికి లక్షలు పెట్టువారము, దానిని నడుపు చేతికి కొన్ని దినముల చదువు చెప్పించుటకు వెనుకాడరాదు.

తలిదండ్రులారా! ఈ ప్రసంగము ముగియగానే మీరు ఇండ్లకు పోవుదురు. ఈ రాత్రియే మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నేను చెప్పిన కాగితమును వ్రాయింపుడు. పనులు, గంటలు, బాడుగ, తరుగు, వడ్డీ: మన బడిలో ఏడవ తరగతి బాలికకు ఈ లెక్క తెలియును. మనము చెప్పుదము, ఆమె తెలుగులో వ్రాయును. ఇంటి పొలము లెక్క ఇంటి భాషలో వ్రాయబడినపుడు బిడ్డకు లెక్కయు భాషయు రెండును తనవిగా తోచును. ఆ కాగితము కొనుమని చెప్పినచో ధైర్యముగా కొనుడు. వలదని చెప్పినచో సిగ్గుపడక బాడుగకు తెచ్చుకొనుడు. కొట్టము ఖాళీగా నున్నను నష్టము లేదు. బడిలో మన బిడ్డ స్థానము మాత్రము ఖాళీ కారాదు.